వ్యవస్థా చిత్రాలు, సమస్య హద్దులు

ఒక వ్యవస్థలోని భాగాలను, వాటి మధ్య సంబంధాలను, బయట ఉంటూనే దాన్ని ప్రభావితం చేసే అంశాలను పేర్లతో, గీతలతో, బాణాలతో చూపే బొమ్మను వ్యవస్థా చిత్రం అంటారు. చెరువుల వరుస, మరమగ్గాల పరిశ్రమ, ఆసుపత్రి, కుటుంబ ఆదాయం వంటి వేటినైనా ఈ పద్ధతిలో గీయవచ్చు. భౌగోళిక పటం ఏది ఎక్కడ ఉందో చెబుతుంది. వ్యవస్థా చిత్రం ఏది మారితే ఏది మారుతుందో చెబుతుంది. చిత్రంలోకి తీసుకున్న భాగాల చుట్టూ గీసే గీత వ్యవస్థ హద్దు. ఎదురైన ఇబ్బందిలో ఎంతవరకు మన పని, ఎక్కడి నుంచి మన పని కాదు అని తేల్చుకునే నిర్ణయం సమస్య హద్దు. రెండూ ఎప్పుడూ ఒకే చోట పడవు. ఒక చెరువుకు నీరిచ్చే నేల మూడు గ్రామాలలో విస్తరించి ఉండవచ్చు, పూడిక తీసే పని ఒక్క గ్రామానికే పరిమితం కావచ్చు. ఆ తేడాను ముందుగా గుర్తించినవారికి పని ఫలితం ఎంతవరకు నిలుస్తుందో అంచనా ఉంటుంది.

రాజన్న సిరిసిల్ల జిల్లాలోని రుద్రంగి, పొరుగున ఉన్న కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాలు ఈ విషయాన్ని పరిశీలించడానికి అనువైనవి. 2016 అక్టోబరు 11 వరకు ఇవన్నీ ఒకే కరీంనగర్ జిల్లాలో ఉండేవి. ఆ రోజున జరిగిన పునర్వ్యవస్థీకరణలో రుద్రంగి చందుర్తి మండలం నుంచి విడివడి రాజన్న సిరిసిల్ల జిల్లాలో మండల కేంద్రమైంది. కోరుట్ల జగిత్యాల జిల్లాలోకి వెళ్ళింది. పరిపాలన గీత మారినా వాగుల దారి, సంతకు వెళ్ళే దారి, గల్ఫ్‌కు వెళ్ళే దారి మారలేదు. పరిపాలనకు పనికొచ్చే హద్దు ప్రతి సమస్యకూ పనికిరాదనడానికి ఇది దగ్గరి సాక్ష్యం. సమస్య హద్దును మనుషులే నిర్ణయిస్తారు, ఆ నిర్ణయాన్ని పదిమంది చూసి ప్రశ్నించేలా బయటపెట్టడమే చిత్రం చేసే ముఖ్యమైన మేలు అన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

పరిభాష

తెలుగులో హద్దు, ఎల్ల, పొలిమేర అనే మాటలు మొదటినుంచీ నేలకు సంబంధించినవి. తెలంగాణ రెవెన్యూ వ్యవహారంలో గ్రామ పటాన్ని నక్షా అని, ఒక్కో సర్వే నంబరు కొలతలు చూపే చిత్రాన్ని టీపన్ అని అంటారు. వీటిలో చెరువు మునక భూమి శిఖం పేరుతో ఒక సర్వే నంబరుగా కనిపిస్తుంది. వాగు, నాలా గీతలూ ఉంటాయి, కాని ఊరి పొలిమేర దగ్గర ఆగిపోతాయి. పై ఊరి ఏ కుంట నిండితే ఈ చెరువుకు నీరు వస్తుందో, ఈ చెరువు మత్తడి (అలుగు) దూకితే కింది ఊరి ఏ కుంట నిండుతుందో నక్షా చెప్పదు, అది దాని పని కూడా కాదు. భూమి ఎవరిది, ఎంత అన్న ప్రశ్నకు నక్షా పుట్టింది. నీరు ఎక్కడి నుంచి ఎక్కడికి అన్న ప్రశ్నకు వేరే బొమ్మ కావాలి. ప్రశ్న మారినప్పుడు హద్దు మారుతుందన్న సూత్రం ఈ చిన్న పోలికలోనే ఉంది.

వ్యవస్థా చిత్రాల పరిభాషలో మరికొన్ని మాటలు స్థిరపడ్డాయి. హద్దు లోపల ఉండి పరస్పరం ఆధారపడేవి భాగాలు. హద్దుకు బయట ఉండి వ్యవస్థను ప్రభావితం చేసేవి, వ్యవస్థ అంతగా ప్రభావితం చేయలేనివి పరిసరం. పరిసరం నుంచి లోపలికి వచ్చే నీరు, నూలు, డబ్బు, సమాచారం వంటివి రాబడులు, బయటికి వెళ్ళేవి ఫలితాలు. ఒక మార్పు కొన్ని మజిలీలు తిరిగి మళ్ళీ తన మూలాన్నే మార్చితే దాన్ని ఫీడ్‌బ్యాక్ అంటారు. మార్పును మరింత పెంచే ఫీడ్‌బ్యాక్ పెంపు వలయం, తగ్గించి నిలకడకు తెచ్చేది సర్దుబాటు వలయం.

చరిత్ర: ప్రపంచంలో

సమస్యకు అక్కరలేని వివరాలను వదిలి సంబంధాలను మాత్రమే మిగుల్చుకునే పద్ధతికి తొలి ప్రసిద్ధ ఉదాహరణ 1736 నాటిది. కోనిగ్స్‌బర్గ్ నగరంలోని ఏడు వంతెనలను ఒక్కోదాన్ని ఒక్కసారే దాటుతూ తిరగగలమా అన్న ప్రశ్నను లియొనార్డ్ ఆయిలర్ పరిష్కరించాడు. వంతెనల పొడవు, వీధుల వంపు అన్నీ పక్కనపెట్టి, నేలభాగాలు ఎన్ని, వాటిని కలిపే వంతెనలు ఎన్ని అన్నది మాత్రమే చూశాడు. 1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్ ప్రాంతంలో కలరా వ్యాపించినప్పుడు వైద్యుడు జాన్ స్నో మరణాలను పటం మీద గుర్తించాడు. తరువాత తయారుచేసిన పటంలో, ఆ వీధి పంపు మిగతా పంపుల కన్నా నడకకు దగ్గరయ్యే ప్రాంతం చుట్టూ ఒక గీత గీశాడు. పరిపాలన వార్డుకు బదులు మంచినీళ్ళకు మనుషులు నడిచే దారి అక్కడ హద్దు అయింది. రోగానికి, నీటికి ఉన్న సంబంధం ఆ హద్దులో స్పష్టపడింది.

యంత్రాల కాలంలో ప్రవాహాలను గీయడం మొదలైంది. 1898లో శాంకీ అనే ఇంజినీరు ఆవిరి యంత్రంలో వేడి ఎంత పనికొస్తోందో, ఎంత వృథా అవుతోందో బాణాల మందంతో చూపాడు. 1921లో గిల్బ్రెత్ దంపతులు పని క్రమాన్ని చూపే చిత్రాలను ఇంజినీర్ల ముందుంచారు. అదే సంవత్సరం సీవాల్ రైట్ కారణాలను బాణాలతో కలిపే విశ్లేషణను వివరించాడు. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో జే ఫారెస్టర్ 1950ల చివర నిల్వలు, ప్రవాహాలు, ఫీడ్‌బ్యాక్‌లతో పరిశ్రమలను విశ్లేషించే పద్ధతిని రూపొందించి 1961లో గ్రంథంగా వెలువరించాడు. ఆ పద్ధతి ఆధారంగానే ప్రపంచ జనాభా, వనరుల మీద 1972లో ‘లిమిట్స్ టు గ్రోత్’ వచ్చింది. ఇంగ్లండ్‌లో పీటర్ చెక్‌లాండ్, ఓపెన్ యూనివర్సిటీ అధ్యాపకులు మనుషుల అభిప్రాయ భేదాలను కూడా బొమ్మలోకి తెచ్చే పద్ధతులను పెంపొందించారు.

హద్దు గురించిన తాత్విక చర్చను ముందుకు తెచ్చినవారు వెస్ట్ చర్చ్‌మన్, ఆయన శిష్యుడు వెర్నర్ ఉల్రిచ్. వ్యవస్థ హద్దు ప్రకృతిలో సిద్ధంగా దొరకదని, ఏది లెక్కలోకి వస్తుందో ఏది రాదో చెప్పే విలువల నిర్ణయమని చర్చ్‌మన్ వాదించాడు. ఉల్రిచ్ 1983లో ప్రచురించిన గ్రంథంలో దీన్ని పన్నెండు ప్రశ్నలుగా మలిచాడు. వ్యవస్థ ఎవరి మేలుకు? నిర్ణయించేది ఎవరు? ఎవరి జ్ఞానం జ్ఞానంగా లెక్కకొస్తుంది? నిర్ణయంలో పాలు లేకుండా ఫలితం మాత్రం భరించేవారి తరఫున మాట్లాడేది ఎవరు? ఈ ప్రశ్నలతో హద్దు గీయడం సాంకేతిక పనిగానే మిగలక ప్రజాస్వామ్య చర్చకు చేరింది.

చరిత్ర: తెలుగు నేల మీద

తెలంగాణలో వ్యవస్థగా ఆలోచించే సంప్రదాయం కాగితం మీద కన్నా నేల మీద ముందుగా కనిపిస్తుంది. కాకతీయుల కాలంలో విస్తరించిన గొలుసుకట్టు చెరువులు ఒకదాని మత్తడి నీరు మరొకదానికి చేరేలా అమరినవి. తూము తెరిచి మడులకు నీరు పంచే నీరటికి ఆ అమరిక కంఠతా వచ్చేది. నేల వాలును, నీటి వంతులను అనుభవంతో తెలిసినవారు ఉన్నంతకాలం బొమ్మ అవసరం పడలేదు. బావులు, బోర్లు పెరిగి, నీరటి పని సన్నగిల్లాక ఆ జ్ఞానాన్ని బయటికి తీసి గీయవలసిన అవసరం వచ్చింది.

ప్రభుత్వ విధానంలో హద్దు మార్పుకు మైలురాయి 1994. కరవు ప్రాంతాల, ఎడారి ప్రాంతాల పథకాలను సమీక్షించిన కమిటీకి కరీంనగర్ ప్రాంతానికి చెందిన ఆర్థికవేత్త సి.హెచ్. హనుమంతరావు అధ్యక్షత వహించారు. శాఖలవారీగా, చెదురుమదురుగా జరుగుతున్న పనుల స్థానంలో సుమారు 500 హెక్టార్ల వాటర్‌షెడ్‌ను, అంటే వాన నీరు ఒకే దారికి చేరే నేలను, యూనిట్‌గా తీసుకోవాలన్న మార్గదర్శకాలు ఆ సమీక్ష నుంచే వచ్చి, 1995 ఏప్రిల్ నుంచి అమలయ్యాయి. గట్టు నుంచి లోయకు అన్న పని క్రమం ఆ హద్దు వల్లే అర్థవంతమైంది. పథకం నిధుల కన్నా ముందు పథకం బొమ్మ మారిందని చెప్పవచ్చు.

ఇదే కాలంలో రాబర్ట్ చాంబర్స్ తదితరులు ప్రచారంలోకి తెచ్చిన గ్రామీణ భాగస్వామ్య అంచనా పద్ధతి భారతదేశంలో వ్యాపించింది. తెలుగు గ్రామాల్లో ముగ్గుపిండి, రంగులు, ఆకులు, గింజలతో రచ్చబండ దగ్గర నేల మీదే సామాజిక పటాలు, వనరుల పటాలు వేయించడం స్వచ్ఛంద సంస్థలకు, వాటర్‌షెడ్ బృందాలకు అలవాటైంది. నేల మీద గీసిన బొమ్మను ఎవరైనా చెరిపి సరిదిద్దవచ్చు. కాగితం పటానికి ఆ వెసులుబాటు తక్కువ. 2003లో నెదర్లాండ్స్ నిధులతో మొదలై ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో సాగిన ఆంధ్రప్రదేశ్ రైతుల భూగర్భజల నిర్వహణ ప్రాజెక్టు అనంతపురం, మహబూబ్‌నగర్, నల్గొండ సహా ఏడు జిల్లాల్లో మరో అడుగు వేసింది. రైతులే వర్షపాతం, బావుల నీటిమట్టం కొలిచి, జల విభాగాన్ని హద్దుగా పెట్టుకుని పంటల నీటి బడ్జెట్ వేసుకున్నారు. ఉపాధి హామీ పనుల ప్రణాళికలోనూ 2014 నుంచి పటాలు వేసే కసరత్తును చేర్చారు.

రకాలు

వాడుకలో ఉన్న వ్యవస్థా చిత్రాలను వాటి ప్రశ్నను బట్టి వర్గీకరించడం సుళువు. పరిసర చిత్రంలో వ్యవస్థ ఒకే గుండ్రని గడిగా మధ్యలో ఉంటుంది, చుట్టూ దానితో ఇచ్చిపుచ్చుకునే వ్యక్తులు, సంస్థలు ఉంటాయి. లోపలి వివరం ఏదీ చూపకపోవడమే దాని బలం, ఎందుకంటే చూసేవారి దృష్టి పూర్తిగా హద్దు మీద నిలుస్తుంది. సాఫ్ట్‌వేర్ రూపకల్పనలో 1970ల చివరి నుంచి ఇది మొదటి మెట్టుగా నిలిచింది. వ్యవస్థా పటంలో బాణాలుండవు. ఏది లోపల, ఏది బయట, ఏది దేనిలో భాగం అన్నది మాత్రమే వలయాలలో వలయాలుగా కనిపిస్తుంది. ప్రభావ చిత్రం దానికి బాణాలు చేర్చి ఎవరి మాట ఎవరి మీద చెల్లుతుందో చూపుతుంది.

కారణాల కోసం మరికొన్ని రకాలు ఉన్నాయి. జపాన్‌కు చెందిన కవొరు ఇషికావా పేరుతో ప్రసిద్ధమైన చేపముల్లు చిత్రం ఒక లోపానికి దారితీసే కారణాలను కొమ్మలుగా విడదీస్తుంది. ఫ్యాక్టరీ నాణ్యతకు ఇది బాగా ఉపయోగపడుతుంది, కాని కారణాలు ఒకదాన్నొకటి పెంచుకునే చోట చాలదు. అక్కడ కార్యకారణ వలయ చిత్రం కావాలి. ఇందులో ప్రతి బాణం మీద కూడిక లేదా తీసివేత గుర్తు ఉంటుంది, బాణాలు తిరిగి మొదటికి చేరితే వలయం ఏర్పడుతుంది. నిల్వ, ప్రవాహ చిత్రం చెరువులో నీళ్ళు, ఖాతాలో డబ్బు వంటి పోగును, దాన్ని నింపే, ఖాళీ చేసే ప్రవాహాలను వేరుగా గీస్తుంది, అందువల్ల లెక్కలకు అనుకూలం. సమృద్ధ చిత్రం వీటన్నిటికీ భిన్నమైనది. చెక్‌లాండ్ పద్ధతిలోని ఈ బొమ్మకు నియమాలు తక్కువ. మనుషుల బాధలు, తగాదాలు, అనుమానాలు కూడా గుర్తులుగా అందులోకి వస్తాయి. సమస్య ఏమిటో ఇంకా తేలని దశలో దీన్ని వాడతారు.

గీసే విధానం

పని సాధారణంగా ఇబ్బందిని ఒక వాక్యంలో రాయడంతో మొదలవుతుంది. ఆ వాక్యం ఎవరి నోటి మాట అన్నది పక్కనే రాయాలి. కింది ఆయకట్టు రైతుకు నీరు చాలకపోవడం ఇబ్బంది, పై ఊరి బోరు రైతుకు కరెంటు కోత ఇబ్బంది. తరువాత సంబంధం ఉన్న అంశాలన్నిటినీ విడివిడిగా రాసి, ఒక్కోదాని గురించి రెండు ప్రశ్నలు వేస్తారు. ఇది మారితే మన ఇబ్బంది మారుతుందా? దీన్ని మార్చే శక్తి ఇక్కడ చేరినవారికి ఉందా? రెండింటికీ ఔనన్నవి హద్దు లోపలికి వస్తాయి. మొదటిదానికి మాత్రమే ఔనన్నవి పరిసరంలో నిలుస్తాయి. మొదటిదానికి కాదన్నవాటిని తీసివేస్తారు. పరిసరంలో నిలిచినవాటిని మరిచిపోకుండా బొమ్మ మీద ఉంచడం ఈ పద్ధతిలో అత్యవసరం, ఎందుకంటే పథకాలు తరచు దెబ్బతినేది వాటి నుంచే.

ఆ తరువాత బాణాలు గీసి, ప్రతి బాణాన్నీ ఎలా, ఎందుకు అని అడిగి, ఆధారం లేనిదాన్ని చుక్కల గీతగా మారుస్తారు. చివరి మెట్టు హద్దును ఒకసారి పెద్దది చేసి, ఒకసారి చిన్నది చేసి చూడడం. హద్దు మారినప్పుడు పరిష్కారం మారకపోతే మొదటి హద్దు సరిపోతుంది. పరిష్కారం తలకిందులైతే ఆ హద్దు ఎంపికే అసలు వివాదమని తెలుస్తుంది.

ఉదాహరణ 1: గొలుసుకట్టు చెరువు, బోరు బావి

రుద్రంగి ప్రాంతం గుట్టలు, ఒర్రెలు, కుంటలతో కూడిన మెట్ట. సిరిసిల్ల వైపు నేలంతా ప్రధానంగా మానేరు పరీవాహకం. వేములవాడ మీదుగా వచ్చే మూలవాగు మానేరులో కలిసే చోటే 25 టి.ఎం.సి.లకు పైబడిన మధ్యమానేరు జలాశయం ఉంది. కోరుట్ల, జగిత్యాల వైపు 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టు కాకతీయ కాలువ ప్రభావం ఉంది. కాలువ నీరు అందే ఊరికి, వానకు నిండే కుంటను, బోరును నమ్ముకున్న ఊరికి మధ్య దూరం తక్కువే అయినా వాటి వ్యవస్థా చిత్రాలు వేరు.

2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయ తెలంగాణలో 46,531 చిన్ననీటి వనరులను గుర్తించి, ఏటా సుమారు ఐదో వంతు చొప్పున పునరుద్ధరించాలని ప్రణాళిక వేసింది. పూడిక తీయడం, కట్ట, తూము, మత్తడి బాగుచేయడం పనులు. ఈ పనికి ఒక చెరువును హద్దుగా తీసుకుంటే అంచనా, టెండరు, కొలత అన్నీ స్పష్టంగా ఉంటాయి. జవాబుదారీకి అది మంచి హద్దు. అయితే చెరువు నిండడం దాని లోతు మీద మాత్రమే ఆధారపడదు. పైన ఉన్న కుంటల మత్తడి, మధ్యలో కట్టిన చెక్‌డ్యాములు, కాలువలు మూసుకుపోవడం, చుట్టూ బోర్లు తోడే నీరు అన్నీ కలిసి దాన్ని నిర్ణయిస్తాయి. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ జీవనోపాధుల పథకంలో భాగంగా 2000 దశకం మొదట్లో అనంతపురం జిల్లా కల్యాణదుర్గం, కర్నూలు జిల్లా డోన్ మండలాల్లో జరిగిన నీటి ఆడిట్ ఇదే చూపింది. పైభాగంలో నీటిని ఆపే కట్టడాలు, పెరిగిన భూగర్భజల వాడకం కలిసి కింది చెరువులకు వచ్చే నీటిని తగ్గించాయని అది గుర్తించింది. పైన మేలు చేసిన పని కింద లోటుగా మారింది. ఒక్కో కట్టడాన్ని హద్దుగా పెట్టుకున్న లెక్కలో ఈ లోటు కనిపించదు, గొలుసు మొత్తాన్ని గీసినప్పుడే కనిపిస్తుంది.

బోరు బావి ఇంకో పాఠం నేర్పుతుంది. నీటిమట్టం పడిపోతే రైతు లోతుగా బోరు వేయిస్తాడు. పక్క రైతు బోరు ఎండుతుంది, అతను ఇంకా లోతుకు వెళతాడు, మట్టం మరింత పడిపోతుంది. ఇది పెంపు వలయం. తోడే ఖర్చు పెరిగి వాడకం తగ్గితే అది సర్దుబాటు వలయం అవుతుంది. 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు, తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటల సరఫరా వచ్చాక ఆ ఖర్చు నుంచి రైతుకు ఊరట దొరికింది, దానితో పాటే సర్దుబాటు వలయం బలహీనపడింది. ఊరిని హద్దుగా గీసిన బొమ్మలో కరెంటు పరిసరంలో ఉంటుంది, పరిష్కారం ఇంకుడు గుంటలు, ఆరుతడి పంటలుగా తేలుతుంది. రాష్ట్రాన్ని హద్దుగా గీసిన బొమ్మలో కరెంటు, ధాన్యం కొనుగోలు, మద్దతు ధర లోపలికి వస్తాయి. మార్కెట్ భరోసా వరికే గట్టిగా ఉన్నప్పుడు ఆరుతడి పంట వేయమనే సలహా ఎందుకు నిలవదో అప్పుడు అర్థమవుతుంది. 2002 నాటి వాల్టా చట్టం బోర్ల మధ్య దూరాన్ని, అనుమతిని నియంత్రించింది. అది ఒక బాణాన్ని పట్టుకుంది, వలయం మాత్రం మిగిలింది.

ఉదాహరణ 2: సిరిసిల్ల సాంచాలు

సిరిసిల్ల మరమగ్గాలను స్థానికంగా సాంచాలు అంటారు. అక్కడి ఉత్పత్తి ఒక మెట్ల వరుస. యజమాని నూలు కొంటాడు. వార్పిన్ కార్మికులు దాన్ని బీములకు ఎక్కిస్తారు, వైపని కార్మికులు పోగులు అతుకుతారు. ఆసామి తన షెడ్డులోని సాంచాల మీద కూలికి గుడ్డ నేయిస్తాడు, కార్మికుడు మీటరు లెక్కన కూలి తీసుకుంటాడు. కార్మికుడిని, సాంచాను మాత్రమే హద్దు లోపల పెడితే సమస్య కూలి తక్కువ కావడం, యంత్రం పాతది కావడం. 2000 దశకంలో సిరిసిల్ల నేత కార్మికుల ఆత్మహత్యలు రాష్ట్రమంతా చర్చకు వచ్చినప్పుడు ఆ చిన్న హద్దు చాలదని తేలింది. నూలు ధర, విద్యుత్తు చార్జీ, భివండీ, సూరత్ వంటి కేంద్రాల పోటీ, అప్పు అన్నీ ఆ మీటరు కూలిలోకి దిగుతాయి.

2017 నుంచి ప్రభుత్వం బతుకమ్మ చీరలకు ఇచ్చిన ఆర్డర్లు కొన్నేళ్ళపాటు సాంచాలకు పని, కూలికి మెరుగుదల తెచ్చాయి. చిత్రంలో దాని అర్థం, చెదిరిన మార్కెట్టు స్థానంలో ఒక పెద్ద కొనుగోలుదారు వచ్చాడన్నది. ఆ బాణం ఒక్కటే లావైనప్పుడు వ్యవస్థ నిలకడ దాని మీదే ఆధారపడుతుంది. ఆర్డరు తగ్గినా, చెల్లింపు ఆలస్యమైనా దెబ్బ యజమాని దగ్గర ఆగక ఆసామి మీదుగా కార్మికుడి దాకా జారుతుంది. ఇది ఆ పథకం వద్దనడానికి కారణం కాదు. కొనుగోలుదారును పరిసరంగా కాక వ్యవస్థలో భాగంగా చూసి, రెండో, మూడో బాణాన్ని ముందుగానే గీయాలనడానికి కారణం.

ఉదాహరణ 3: గల్ఫ్ వలస

జగిత్యాల, కోరుట్ల, రుద్రంగి, సిరిసిల్ల పల్లెల నుంచి గల్ఫ్ దేశాలకు వలస దశాబ్దాలుగా సాగుతోంది. ఈ సమస్యను ఏజెంటు మోసంగా మాత్రమే గీస్తే హద్దు ఊరికి, పోలీసు స్టేషనుకు మధ్య ఉంటుంది. ఇంటి బొమ్మ గీస్తే అందులో ఎండిన బోరు అప్పు, ఆడబిడ్డ పెళ్ళి, వీసా కోసం తెచ్చిన వడ్డీ, పంపిన డబ్బుతో మళ్ళీ వేసిన బోరు కనిపిస్తాయి. మొదటి ఉదాహరణలోని వలయం ఇక్కడ మూడో ఉదాహరణలోకి ప్రవేశిస్తుంది. 1983 నాటి వలస చట్టం, గల్ఫ్‌లోని యజమాని చేతిలో ఉండే నివాస అనుమతి, రాయబార కార్యాలయం కూడా ఈ బొమ్మలో ఉండవలసినవే. ఎందుకంటే ఆజాద్ వీసా (పేరుకు ఒక యజమాని, పని మరోచోట) మీద వెళ్ళి చిక్కుకున్న కార్మికుడి పరిస్థితిని నిర్ణయించేవి అవే. హద్దు జిల్లా దాటి, దేశం దాటి వెళుతుంది, అయినా చర్య తీసుకోగల చోట్లు కొన్ని ఊళ్ళోనే ఉంటాయి.

అభ్యంతరాలు, సమాధానాలు

బొమ్మ వాస్తవాన్ని మరీ సులభం చేస్తుందన్నది మొదటి అభ్యంతరం. ఇది నిజమే. కాని మాటల్లో చెప్పే వివరణా, పద్దుల పట్టికా కూడా కొన్నింటిని వదిలేస్తాయి, వదిలేసినట్టు చెప్పవు. చిత్రానికి బయటి గీత ఉంటుంది కాబట్టి వదిలినది ఎక్కడ మొదలవుతుందో చూపించవచ్చు. రెండో అభ్యంతరం దీనికి ఎదురుగా ఉంటుంది. అన్నీ అన్నింటితో ముడిపడి ఉన్నప్పుడు ఎక్కడ గీత గీసినా అది ఇష్టారాజ్యమే కదా అంటారు. పైన చెప్పిన ఉదాహరణలే దీనికి సమాధానం. చెరువుకు గొలుసు, బోరుకు విద్యుత్తు విధానం, సాంచాకు కొనుగోలుదారు చేర్చినప్పుడు నిర్ణయం మారింది. చేర్చినా నిర్ణయం మారని అంశాలు లెక్కలేనన్ని ఉన్నాయి. నిర్ణయాన్ని మార్చేది లోపల, మార్చనిది బయట అన్న కొలత ఉన్నంతవరకు ఎంపికకు కారణం ఉంటుంది, అది ఇష్టారాజ్యం కాదు.

మూడో అభ్యంతరం బరువైనది. కలం ఎవరి చేతిలో ఉంటే హద్దు వారి వైపు వంగుతుంది. గ్రామ సభలో పటం గీసినప్పుడు భూమి ఉన్నవారు, మగవారు ముందు నిలబడతారని, కౌలు రైతులు, ఒంటరి మహిళలు అంచున మిగులుతారని భాగస్వామ్య పద్ధతుల మీద విమర్శ ఉంది. ఈ విమర్శ సరైనది, పద్ధతి ఒక్కటే దాన్ని తీర్చలేదు. వేర్వేరు బృందాలతో వేర్వేరు బొమ్మలు గీయించి పక్కపక్కన పెట్టడం కొంత మేలు. మహిళలు గీసిన నీటి పటంలో బిందె మోసే దారి ఉంటుంది, మగవారు గీసినదాంట్లో మోటారు ఉంటుంది. రెండు హద్దుల మధ్య తేడాయే చర్చించవలసిన విషయం. బొమ్మ లేకపోతే ఆ పక్షపాతం తొలగిపోదు, కంటికి కనబడకుండా ఆఫీసు ఫైలులో కొనసాగుతుంది.

అంకెలు లేని బాణాలతో ఏదీ రుజువు కాదన్నది నాలుగో అభ్యంతరం. కార్యకారణ వలయం పరికల్పన మాత్రమేనని, రుజువు కాదని అంగీకరించాలి. ఏ అంకెలు సేకరించాలో అది చెబుతుంది. భూగర్భజల ప్రాజెక్టులో రైతులు బావుల మట్టం కొలవడం అలాంటి బొమ్మకు తరువాతి మెట్టు. కొలత లేని చిత్రం ఊహగా మిగులుతుంది. చిత్రం లేని కొలతకు దేన్ని ఎందుకు కొలిచామో తెలియదు.

ప్రాధాన్యం, పరిమితులు

నీటిపారుదల, ప్రజారోగ్యం, సాఫ్ట్‌వేర్, పరిశ్రమల నాణ్యత, విద్యా ప్రణాళిక వంటి రంగాలన్నిటా వ్యవస్థా చిత్రాలు ఈనాడు మామూలు పనిముట్లు. ఉపగ్రహ చిత్రాలు, భౌగోళిక సమాచార వ్యవస్థల వల్ల వాగులను, చెరువులను గ్రామ పొలిమేరలు దాటి గుర్తించడం సులభమైంది. అయితే ఉపగ్రహం నీటి దారిని చూపగలదు, నీటి వంతును, అప్పు దారిని, కూలి దారిని చూపలేదు. వాటిని తెలిసినవారే గీయాలి. చిత్రానికి కాలపరిమితి కూడా ఉంది. 1995లో సరిపోయిన 500 హెక్టార్ల హద్దు బోర్లు పెరిగాక అన్ని ప్రశ్నలకూ సరిపోలేదు. అందుకే బొమ్మ మీద తేదీ, గీసినవారి పేర్లు, వదిలేసిన అంశాలు రాయడం మంచి ఆచారం.

రుద్రంగి ఒక కాలంలో ఒక మండలంలో గ్రామం, మరో కాలంలో మండల కేంద్రం. ఒక లెక్కలో మానేరు పరీవాహకం, మరో లెక్కలో గల్ఫ్ ఆదాయపు ఊరు. వీటిలో ఏదీ తప్పు హద్దు కాదు, ఏదీ అన్ని ప్రశ్నలకూ చాలదు. ఏ ప్రశ్నకు ఏ హద్దు గీశారో, దాని బయట ఎవరు మిగిలారో చెప్పగలిగినప్పుడే ఆ ఊరి గురించి చేసిన ప్రణాళికను ఆ ఊరివారు పరీక్షించగలరు. వ్యవస్థా చిత్రం విలువను కొలవవలసింది ఆ పరీక్షకు అది ఎంత వీలు కల్పించిందన్న దానితోనే.